కరెంటు ఉన్నప్పుడే పోయే నెట్టు

రౌటర్ ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూశావా అని మాత్రం అడక్కండి. చూశాను. ముప్పై సెకన్లు ఆగి వేశాను, ఐదు నిమిషాలు ఆగి వేశాను, వెనకాల ఉండే చిన్న బెజ్జంలో పిన్నీసు గుచ్చి, అన్నీ చెరిపేసి మొదటి నుంచి పెట్టుకున్నాను. చేతిలో ఫోన్ లేకపోతే దీనికి ముద్ద దిగదని మా అమ్మ చుట్టాలందరికీ చాటింపు వేసిన మనిషిని, హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని, నాకు రీస్టార్ట్ నేర్పుతారా? ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా ముందు అదే ప్రశ్న. దాని వెనకాలే రెండోది: "పోనీ, మొబైల్ డేటా వాడుకోవచ్చుగా?" గురజాల పక్కన మా పెద్దమ్మ వాళ్ళ ఊరొచ్చి, నాపరాళ్ళు పేర్చి కట్టిన ఆ మందపాటి గోడల మధ్య కూర్చుని, ఫోన్‌లో ఒక్క గీతతో వీడియో మీటింగ్ నడిపి చూపించండి. ఆ తర్వాత మీ సలహా వింటాను.

ఆ ఊరికి నేను సరదాకి వెళ్ళలేదు. మిరప కోతలు మొదలైన వారానికే మా పెద్దమ్మ కల్లంలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. "నీదెట్లాగూ ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమేగా, ఆ కూర్చునేదేదో అక్కడ కూర్చో" అని మా అమ్మ నన్ను అడక్కుండానే నా బట్టలు సర్దేసింది. ఏడాది పాటు ఇంటర్వ్యూలకు తిరిగి తెచ్చుకున్న మొదటి ఉద్యోగం నాది. మా కంపెనీ సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ళకు అదెలా వాడాలో వీడియోలో చూపించే పని. మూడు నెలల ప్రొబేషన్‌లో రెండు నెలలు గడిచాయి. మూడోది గడిస్తే ఉద్యోగం ఖాయం. వెళ్ళేముందు పెద్దమ్మను ఫోన్‌లో ఒక్కటే అడిగాను, నెట్ ఎలా ఉంటుందని.

"ఫైబరే పెట్టించాం. మీ పట్నంలో కన్నా బాగుంటది. ఇప్పటిదాకా ఒక్కసారి పోయిన పాపాన పోలా" అంది.

నేను వెళ్ళిన రోజే పెదనాన్న కిటికీ పక్కన బల్ల వేయించాడు. ఎక్కడి నుంచో ఒక చెక్క ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా పట్టుకొచ్చాడు. చేత్తో చేసింది, నాలుగు ప్లగ్గులు, వైరు మొదట్లో ఎర్ర టేపు చుట్టి ఉంది. కొన్నదానికన్నా గట్టిగా ఉంది. రౌటరు, లాప్‌టాపు, ఫోన్ చార్జరు, బల్ల ఫ్యాను, నాలుగూ దానికే పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున పదకొండింటికి, ఒక కస్టమర్‌కు తెర మీద ఏదో చూపిస్తుండగా నెట్ పోయింది. పావుగంటకు తనంతట తనే వచ్చింది. ఆ తర్వాత అది రోజూ పోవడం మొదలుపెట్టింది.

నాకు కోపం త్వరగా వస్తుంది. అందులో అబద్ధం లేదు. కానీ మొదటి నాలుగు రోజులు చాలా శాంతంగా, పద్ధతిగా వెతికాను. రౌటర్ వెనకాల ఇనుప బీరువా ఉంది, దాన్ని నలుగురు మనుషుల్ని పెట్టి జరిపించాను. ఫ్రిజ్‌కు దూరంగా పెట్టాను. వైఫై చానెల్ మార్చాను, రౌటర్‌కూ లాప్‌టాప్‌కూ నేరుగా వైరు వేశాను. వైరు వేసినా పోయింది. అప్పుడు తేలింది ఒక సంగతి. నెట్ పోయినప్పుడు కూడా ఫోన్‌లో వైఫై గీతలు నిండుగానే ఉంటున్నాయి. రౌటర్ మీద ఒక్క లైటు మాత్రం ఆరిపోతోంది, బయటి నుంచి వచ్చే లైను లైటు. అంటే రౌటర్ తప్పు లేదు. లోపం గోడ అవతల ఎక్కడో ఉంది.

పోనీ కరెంటు కోత అనుకుందామా అంటే, కరెంటు ఉన్నప్పుడే పోతోంది. కరెంటు పోతే నెట్ కూడా పోవడం ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. కానీ ఫ్యాను గిర్రున తిరుగుతుండగా, పక్కింట్లో మిక్సీ మోగుతుండగా, నెట్ ఒక్కటే పావుగంట సేపు చచ్చిపోవడం ఏమిటి?

మంచం మీద కాలికి కట్టుతో పడుకుని పెద్దమ్మ ఇదంతా చూస్తుండేది.

"ఏమే, నాలుగు రోజుల నుంచీ ఆ డబ్బాతో కొట్లాడతన్నావు. దిష్టి తగిలిందేమో, ఎర్రనీళ్ళు తిప్పి పోయించమంటావా?"

"నీళ్ళు పోస్తే దిష్టితో పాటు రౌటర్ కూడా పోతుంది పెద్దమ్మా."

"పోతే పోయిద్ది. ఉండి మాత్రం ఏం ఉద్ధరిస్తందే అది? నువ్వు రాకముందు ఎప్పుడూ పోలా. పగలంతా సీరియళ్ళే చూసేదాన్ని."

పెదనాన్నదీ అదే మాట. కల్లం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "నువ్వు రాకముందు ఈ నెట్టు ఎప్పుడూ పోలా అమ్మాయ్. నువ్వే ఏదో నొక్కుంటావు" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. నేను వస్తే నెట్ పోవడమేమిటి? నేనేమన్నా గ్రహణమా?

కేబుల్ అతను ఇంకో రకం. ఊళ్ళోకి ఫైబర్ తెచ్చి ఇంటింటికీ వైర్లు లాగినవాడు. ఎప్పుడు ఫోన్ చేసినా బండి మీదే ఉంటాడు.

"అన్నా, మళ్ళీ పోయింది."

"రౌటర్ ఆపి వేశారా అమ్మా?"

"అన్నా, ఆ మాట ఇంకోసారి అన్నావంటే రౌటర్ తెచ్చి నీ బండికి కడతా."

"మా సైడు బ్రహ్మాండంగా ఉందమ్మా. మీ వీధిలో ఇంకెవరూ కంప్లయింట్ చెయ్యలా."

"పగలు వీధిలో ఎవరున్నారు చెయ్యడానికి? అందరూ మిరపకాయల్లో ఉన్నారు!"

"అదే అంటన్నా. అందరూ మిరపకాయల్లో ఉంటే మీరొక్కరే నెట్టులో ఉంటే ఎట్టమ్మా?"

ఒకరోజు వచ్చాడు కూడా. వచ్చేసరికి నెట్ ఉంది. మజ్జిగ తాగి, రౌటర్ మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్టు చూసి, "చల్లగానే ఉంది" అని వెళ్ళిపోయాడు.

అప్పుడే నిర్ణయించుకున్నాను. సాక్ష్యం లేకుండా వీళ్ళతో మాట్లాడి లాభం లేదు. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి, నెట్ పోయిన రోజు, పోయిన టైము, వచ్చిన టైము రాయడం మొదలుపెట్టాను. సోమవారం, 11.08 నుంచి 11.20. మంగళవారం, 11.15 నుంచి 11.26, మళ్ళీ సాయంత్రం 4.40 నుంచి 4.52. బుధవారం మూడుసార్లు. ఆదివారం ఒక్కసారీ పోలేదు. ఆ లిస్టు తీసుకెళ్ళి అతని మొహాన చూపించి, డబ్బులు తిరిగి అడిగి, ఇంటర్నెట్‌లో రివ్యూ రాసి పరువు తీయాలని నా ఉద్దేశం. రోజురోజుకీ ఆ లిస్టు పొడుగవుతుంటే కోపంతో పాటు ఒక రకమైన తృప్తి కూడా ఉండేది. ఇంకొకటి దొరికింది, ఇంకొకటి దొరికింది అని.

ఆ రోజుల్లో మా ఇంటి ముందు రేకుల పంచలో ఇరవై మంది ఆడవాళ్ళు మిరపకాయల ముచ్చికలు తీస్తుండేవాళ్ళు. ఎండిన కాయను పట్టి తొడిమ విరిచి గంపలో వేయడం. పదకొండు గంటలకు టీ తాగి కొత్త బస్తాలు విప్పేవాళ్ళు. విప్పగానే ఘాటు వీధంతా కమ్ముకునేది. నేను కిటికీ వేసుకుని తుమ్ముకుంటూ పని చేసేదాన్ని. వాళ్ళకు మాత్రం ఏమీ అనిపించేది కాదు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. "కంప్యూటరమ్మాయి మళ్ళీ తుమ్మింది, మంచి శకునమే" అని నవ్వేవాళ్ళు.

మా ఇంటికి మూడిళ్ళ అవతల మోటార్ల మామ ఉండేవాడు. సాయిబుల మనిషి, బోరు మోటార్లు కాలిపోతే రాగితీగ మళ్ళీ చుట్టి ఇచ్చే మెకానిక్. పెదనాన్నకు చిన్నప్పటి నుంచీ స్నేహితుడు, ఒకరినొకరు బావా అనుకుంటారు. భార్య పురిటి సాయానికని మాచర్లలో కూతురి దగ్గరికి వెళ్ళింది. ఒక్కడే ఉంటున్నాడు. నేను టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకుని ఫోన్ చూసుకుంటూ వీధిలో అటూ ఇటూ తిరిగేటప్పుడు వసారాలో మోటారు ముందు కూర్చుని పలకరించేవాడు.

"ఏం తల్లీ, సిగ్నల్ కోసం పహరా తిరుగుతన్నావా? పట్నం నుంచి వచ్చేటప్పుడు సంచిలో నాలుగు గీతలు ఏసుకొని రావాల్సింది."

మూతికి ఎప్పుడూ తువ్వాలు కట్టుకుని ఉండేవాడు. మెకానిక్ కదా, దుమ్ముకు కట్టుకున్నాడనుకున్నాను.

రెండో వారంలో మా టీమ్ లీడ్ ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. గురువారం పదకొండింటికి ఒక పెద్ద కస్టమర్ ఉన్నారని, ఆ మీటింగ్ నాకే ఇస్తున్నారని, దాని మధ్యలో కూడా నేను మాయమైతే ప్రొబేషన్ అక్కడితో ఆపేస్తారని చెప్పాడు. "నెట్ పోయిందన్న మాట నేను పై వాళ్ళకు ఇంకోసారి చెప్పలేను" అన్నాడు. బుధవారం రోజంతా కేబుల్ అతనికి ఫోన్లు చేశాను. రేపు ఒక్క గంట, ఒకే ఒక్క గంట ఆపకుండా ఇవ్వమని బతిమాలాను. నేను ఒకరిని బతిమాలడం అదే మొదటిసారి. "నా ప్రాణం అడ్డమేస్తానమ్మా" అన్నాడు.

గురువారం పదకొండూ ఇరవై దాకా బాగానే నడిచింది. తెర మీద ఆరుగురు మనుషులు. ఒకాయన మంచి ప్రశ్న అడిగాడు, నేను జవాబు మొదలుపెట్టాను. ఆయన మొహం అలాగే ఆగిపోయింది. నోరు కొంచెం తెరిచి, కళ్ళు సగం మూసి. ఫోన్ వైపు చూశాను. వైఫై గీతలు నిండుగా ఉన్నాయి.

లేచిన ఊపుకి కుర్చీ పడిపోయింది. ఫోన్ పట్టుకుని బయటికి పరుగెత్తాను. మా ఇంటి చూరు నుంచి బయటికి పోయే నల్ల వైరు కనిపించింది. ఆ వైరునే చూస్తూ నడుస్తూ కేబుల్ అతనికి ఫోన్ కొట్టాను.

"ఈ వైరు ఎక్కడికి పోతుంది? ఇప్పుడే చెప్పు."

"వీధి డబ్బాలోకమ్మా. ఫైబరు డబ్బా దాకా వచ్చిద్ది, అక్కణ్ణుంచి ఇళ్ళకి వైర్లు పోతాయి."

"ఆ డబ్బా ఎక్కడుంది?"

"మోటార్ల సాయిబు గారింట్లో. డబ్బాకు కరెంటు కావాలిగా, ఆయన కరెంటు ఇస్తాడు, మేం ఆయనకు కనెక్షను ఊరికే ఇస్తాం. ఏ వీధిలో అయినా అంతేనమ్మా. కానీ ఆయన తీసే మనిషి కాదు..."

మిగతాది నేను వినలేదు, ఫోన్ పెట్టేశాను. పావుగంట సేపు చావడం, కరెంటు ఉన్నప్పుడే చావడం, అన్నీ ఒక్క దెబ్బకు అర్థమైపోయాయి. ఎవరో ప్లగ్గు పీకుతున్నారు. రెండు వారాలుగా, రోజూ, చేత్తో పీకుతున్నారు!

వీధి మధ్య నుంచే అరిచాను. ఆ మాటలు నాకు ఒక్కటి కూడా మరుపు రాలేదు. "మామా! ఎవరక్కడ ప్లగ్గు పీకేది? నా ఉద్యోగం పోతోంది ఇక్కడ, మీకు ఆటలుగా ఉందా?" పంచలో ఆడవాళ్ళు చేతిలో కాయలు చేతిలోనే ఉంచుకుని ఇటు చూశారు. వసారా దాటి, తలుపు తోసుకుని లోపలికి పోయాను.

మంచం మీద మోటార్ల మామ ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊనుకుని ఉన్నాడు. మొహానికి ప్లాస్టిక్ మాస్కు, దాంట్లోంచి తెల్లటి ఆవిరి. పక్కన చిన్న మిషను గుయ్యిమని మోగుతోంది. భుజాలు పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి, గొంతు కింద గుంట పడి పూడుతోంది. ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఈల వేసినట్టు చప్పుడు. మంచం పక్కన గోడకు ఒకే ఒక్క ప్లగ్గు ఉంది. దాంట్లో ఆ మిషను వైరు ఉంది. డబ్బా వైరు కింద నేల మీద పడి ఉంది.

నేను అక్కడే ఆగిపోయాను. నోట్లో ఇంకో తిట్టు సిద్ధంగా ఉంది, అది అలాగే ఉండిపోయింది.

ఆయన నన్ను చూసి ఒక వేలు పైకెత్తాడు. ఒక్క నిమిషం అని. తర్వాత నా చేతిలో టీమ్ లీడ్ పేరుతో మోగుతున్న ఫోన్ చూశాడు. ఏమనుకున్నాడో, మాస్కు కిందికి లాగేసి, "అయిపోయింది... తల్లీ... పెడతన్నా" అని వంగి మిషను ప్లగ్గు పీకాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందట్లేదు. నేల మీది డబ్బా వైరు అందుకుని గోడకు పెట్టాడు. మొదటిసారి దొరకలేదు, రెండోసారి దొరికింది. డబ్బా మీద పచ్చ లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. మాస్కులో మందు సగం మిగిలే ఉంది, నాకు కనిపిస్తోంది.

చేతిలో ఫోన్ బుర్రుమంది. నెట్ వచ్చింది. టీమ్ లీడ్ మెసేజ్: "ఇంకా లైన్‌లో ఉన్నారు. రెండు నిమిషాల్లో రా."

రెండు నిమిషాలు. మా ఇల్లు మూడిళ్ళ అవతల.

నేను వంగి డబ్బా ప్లగ్గు పీకేశాను. పచ్చ లైట్లన్నీ ఆరిపోయాయి. మిషను వైరు తీసుకుని గోడకు పెట్టి, మాస్కు ఆయన మొహానికి నేనే పట్టుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు, నా చెయ్యి తోసేయబోయాడు. "కదలకు మామా" అని గట్టిగానే అరిచాను. ఫోన్ మంచం మీద బోర్లా పెట్టాను. అది అక్కడ వణుకుతూనే ఉంది, కాసేపటికి ఆగిపోయింది.

మందు అయిపోయాక, ఈల చప్పుడు కాస్త తగ్గాక అడిగాను, ఎన్నాళ్ళ నుంచి అని.

"జిన్నింగు మిల్లులో మోటార్లు చూసిన రోజుల నుంచీ ఉందిలే. ఊరికే రాదు. ఈ మిరపకాయల నెలే కాస్త ఎక్కువ చేసిద్ది."

"మా పంచలో బస్తాలు విప్పినప్పుడేనా?"

"మీ పంచలోనేంది, ఊరంతా మిరపకాయేగా."

"కాదు మామా. పదకొండింటికి విప్పుతారు. నా దగ్గర రాసి ఉంది." ఫోన్ తీసి నోట్ తెరిచాను. పదకొండు దాటి ఎనిమిది నిమిషాలు. పదకొండుంబావు. సాయంత్రం మిగిలిన కాయలు గోతాలకెత్తి పంచ ఊడ్చే టైము. ఆదివారం పనిలేదు, ఆదివారం నెట్ పోలేదు. ఇన్నాళ్ళూ నేను రాస్తున్నది నెట్ పోయిన టైములు కాదు. ఈ మనిషికి ఊపిరాడని టైములు. అది నింపుతూ నేను సంబరపడ్డాను.

"పెదనాన్నకు ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే ఏం చేస్తాడు, ఆడోళ్ళని తీసుకుపోయి ఎండలో కూర్చోబెడతాడు. నా ముక్కు కోసం ఇరవై మందిని నీడలోంచి లేపమంటావా?"

నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "పోనీ ఇంకో ప్లగ్గు పెట్టుకోవచ్చుగా! ఊరందరి మోటార్లూ బాగుచేసే మనిషివి, మంచం దగ్గర రెండో ప్లగ్గు లేదా?"

"వసారాలో బోల్డున్నాయిగా. ఆయాసం వచ్చినప్పుడు ఈడి నుంచి వసారా దాకా పోవాలంటే కొండవీడు ఎక్కినట్టుంటది తల్లీ." కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "ఒక బాక్సు ఉండేదిలే. డబ్బా ఒకదాన్లో, మిషను ఒకదాన్లో, రెండూ నడిచేయి. మీ పెదనాన్న అమ్మాయి కంప్యూటరుకని అడిగితే నేనే ఇచ్చా. పదిహేను నిమిషాలు పెట్టమన్నాడు డాక్టరు, నేను పది నిమిషాలకే తీసేస్తన్నా. డబ్బా నా ఇంట్లో పెట్టుకొని నేనే ఆపితే ఏం బాగుంటది? నీకా ఉద్యోగం, పక్కింటి పిల్లలకా పరీక్షలు."

వసారాలోకి చూశాను. కటింగ్ ప్లేయరు పిడికి ఎర్ర టేపు. స్క్రూడ్రైవరుకు ఎర్ర టేపు. సుత్తికి, టెస్టరుకు, నిచ్చెన కాలికి ఎర్ర టేపు. నలుగురు అడిగి పట్టుకుపోయే సామాను కదా, గుర్తు పెట్టుకున్నాడు.

నువ్వు రాకముందు ఈ నెట్టు ఎప్పుడూ పోలా.

ఇంటికి వెళ్ళి బల్ల కింద దూరి ఆ చెక్క బాక్సు పీకాను. ఒక్కసారిగా లాప్‌టాపూ రౌటరూ ఫ్యానూ అన్నీ ఆగిపోయాయి. అప్పుడే భోజనానికి వచ్చిన పెదనాన్న గుమ్మంలో నిలబడి, "ఏందమ్మాయ్, దాన్ని ఎక్కడికి మోసకపోతన్నావు?" అన్నాడు.

"ఎవరిదో వాళ్ళకి ఇవ్వడానికి."

"పనయ్యాక ఇద్దాంలే, బావేం అనుకోడు."

"అనుకోడు పెదనాన్నా. ఊపిరాడకపోయినా అనుకోడు." మొత్తం చెప్పాను. పెద్దమ్మ మంచం మీద లేచి కూర్చుంది. పెదనాన్న తలపాగా తీసి చేతిలో పట్టుకుని, పంచలో ఎర్రగా పోసి ఉన్న కాయల కుప్ప వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి, "రోజూ పొద్దున ఆడికే పోయి టీ తాగుతన్నానే. నాకు చెప్పలా" అన్నాడు. అన్నం తినకుండానే ఆ బాక్సు నా చేతిలోంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ముచ్చికలు తీసే పని కల్లానికి మారింది. నాలుగు బాదులు పాతి పైన పట్టా కట్టి నీడ చేయించాడు. వీధిలోంచి వెళ్తూ ఒకామె నా కిటికీ దగ్గర ఆగింది. "ఏందమ్మాయ్, నీ నెట్టు కోసం మమ్మల్నందర్నీ కల్లానికి తోలిచ్చావంటగా? పుణ్యం కట్టుకున్నావు తల్లీ!" అంది. అవునన్నాను. వీధిలో ఎవరికీ చెప్పొద్దని మామ ఒట్టు వేయించుకున్నాడు. ఊళ్ళో ఇప్పటికీ ఆ పేరు నాకే ఉంది. ఇక్కడ కూడా ఊరి పేరూ, మనిషి పేరూ రాయనిది అందుకే.

టీమ్ లీడ్ ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. "నెట్ మళ్ళీ పోయిందా?"

"పోలేదు. నేనే తీశాను."

"మీటింగ్ మధ్యలోనా?"

జరిగింది చెప్పాను. విన్నాడు. ఆయన ఆరోగ్యం బాగుండాలని కోరుకుంటున్నానన్నాడు. మర్నాడు పొద్దున మెయిల్ వచ్చింది. నా సేవలకు కృతజ్ఞతలు, ప్రొబేషన్ కొనసాగించలేకపోతున్నాం అని. దాన్ని చదివేటప్పుడు నెట్ ఎంత బాగుందనుకున్నారు. ఒక్క సెకను ఆగలేదు.

శనివారం ముగ్గురం నరసరావుపేట వెళ్ళాం, నేనూ పెదనాన్నా మోటార్ల మామా. ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది, ఆయాసం ఎన్నిసార్లు వస్తోందని.

"ఎప్పుడన్నా ఒకసారమ్మా. నెలకో, రెండు నెలలకో" అన్నాడు మామ తడుముకోకుండా.

నేను ఫోన్ తీసి ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె వేలితో పైకి జరుపుతూ చదివింది. జరుపుతూనే ఉంది. చదివే కొద్దీ ఆమె కనుబొమలు పైకి లేచాయి. "ఇంత వివరంగా ఎవరు రాశారు?" అంది. నేనే అన్నాను. "మంచి పని చేశావమ్మా. ఈయన మాట నమ్మి అదే మందు ఇచ్చి పంపించి ఉంటే..." అని కొత్త చీటీ తీసింది. మంచి పని! కేబుల్ అతని పరువు తీయడానికి రాసిన లిస్టు అది. పెదనాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మామ మాత్రం నా వైపు వంగి, "కోర్టులో సాచ్చికం చెప్పినట్టు చెప్పావు కదే" అన్నాడు మెల్లగా.

మందులు మార్చారు. మిషను పూర్తిగా పదిహేను నిమిషాలు పెట్టుకుంటున్నాడు. వీధి డబ్బా ఎర్ర టేపు బాక్సులో ఒక మూల, మిషను ఇంకో మూల. ఆ రోజు నుంచి నెట్ ఒక్కసారి పోలేదు. నాకిప్పుడు దానితో పని లేదు, ఇంటర్వ్యూలకు తప్ప.

ఇది చెబితే మా అమ్మ తల పట్టుకుంది. ఏడాది తిరిగి తెచ్చుకున్న ఉద్యోగమే అని ఏడ్చింది. నా స్నేహితులు లెక్కలు చెప్పారు. ఆయనే స్వయంగా ప్లగ్గు పెట్టాడు కదా, నువ్వు పెట్టమనలేదు కదా, పావుగంటలో మీటింగ్ ముగించుకుని వచ్చి మందు పెడితే ఏమయ్యేది, రెండు వారాలు ఆగిన మనిషి పావుగంట ఆగలేడా అని. ఒకడైతే, "నీ కోపమే నీ ఉద్యోగం తీసింది" అని తేల్చేశాడు. ఆ పావుగంట లెక్క మీకూ సరిగ్గానే అనిపిస్తోందా? అయితే ఆ గదిలోకి రండి, నిండుగా పచ్చ లైట్లు వెలుగుతున్న ఆ డబ్బా వైరు చేత్తో పట్టుకోండి, మాస్కు పక్కన పెట్టి ఈల వేసినట్టు ఊపిరి పీలుస్తూ "అయిపోయింది తల్లీ, పెడతన్నా" అంటున్న ఆ మొహంలోకి చూడండి. చూసి, ఆయన్ని అలాగే వదిలేసి, మూడిళ్ళ అవతలికి నడిచి వెళ్ళి కుర్చీ ఎత్తుకుని కూర్చుని, "సారీ, నెట్ పోయింది, ఎక్కడిదాకా వచ్చాం?" అని నవ్వుతూ అడగగలరా?